1.3 మల్టీజెట్: ఇంత పేరున్న ఇంజిన్‌కి చైన్ మచ్చ ఎలా వచ్చింది?

పాత డీజిల్ స్విఫ్ట్ కొనాలని చూసేవాళ్లకు రెండు రకాల సలహాలు వస్తాయి. ‘కళ్లు మూసుకుని తీసుకోండి, ఆ ఇంజిన్‌కి చావు లేదు’ అంటారు ఒకరు. ‘పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, చైన్ చప్పుడు వస్తుందేమో వినండి’ అంటారు ఇంకొకరు. ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా తిప్పే టైమింగ్ చైన్ అది. ఇద్దరి మాటా నిజమే. స్విఫ్ట్ ఒక్కదాని గురించే కాదు, ఇండికా విస్టా, పుంటో, లీనియా, రిట్జ్, ఎర్టిగా, సియాజ్ 1.3 డీజిల్ బళ్లన్నిటి గురించీ ఇవే మాటలు వినిపిస్తాయి. కారణం తెలిసిందే: బానెట్ ఎత్తితే అన్నిట్లోనూ ఉన్నది ఒకే ఇంజిన్. మారుతీ దాన్ని డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది, ఫియట్ మల్టీజెట్ అంది. యూరప్‌లో ఓపెల్ సీడీటీఐ అని పిలిచింది. ఫోర్డ్ కా కారులోకి వెళ్లినప్పుడు అదే టీడీసీఐ అయింది.

ఒకే ఇంజిన్‌కి ఒకచోట మంచి పేరు, ఇంకోచోట చెడ్డపేరు ఎందుకొచ్చాయో తెలియాలంటే అది పుట్టకముందు నుంచీ మొదలుపెట్టాలి.

పాతకాలపు డీజిల్ ఇంజిన్లలో పంపు ఎంత వేగంగా తిరిగితే ఇంధనానికి అంత ఒత్తిడి వచ్చేది. వేగం తగ్గితే ఒత్తిడీ తగ్గేది. అందుకే ఆ ఇంజిన్లు కింది గేర్లలో ఈడ్చుకుంటూ, గడగడలాడుతూ, పొగ కక్కుతూ నడిచేవి. ఇంధనాన్ని ఎప్పుడూ ఎక్కువ ఒత్తిడిలో ఒక గొట్టంలో నిల్వ ఉంచి, కంప్యూటర్ చెప్పిన క్షణంలో, దాన్ని సిలిండర్లోకి చిమ్మే ఇంజెక్టర్ తెరిస్తే ఈ బాధ ఉండదన్నది కామన్ రైల్ ఆలోచన. దీన్ని కార్లకు పనికొచ్చేలా తీర్చిదిద్దింది ఫియట్ పరిశోధన కేంద్రం, మాగ్నెటీ మారెల్లీ, ఎలాసిస్ సంస్థల్లోని ఇంజనీర్లు. కానీ 1994లో ఫియట్ ఈ టెక్నాలజీని జర్మన్ విడిభాగాల కంపెనీ బాష్‌కి అమ్మేసింది. ఆ తర్వాత తాము తీర్చిదిద్దిన వ్యవస్థకే ఇంజెక్టర్లు బాష్ దగ్గర కొనుక్కోవాల్సి వచ్చింది. కార్ల చరిత్రలో ఇంతకన్నా చేదు బేరాలు తక్కువే ఉంటాయి. 1997లో ఆల్ఫా రోమియో 156 ఈ పద్ధతితో అమ్మకానికి వచ్చిన మొదటి కారు అయింది. కొద్దికాలానికే మెర్సిడెస్ కూడా వచ్చి చేరింది.

మల్టీజెట్ దాని తర్వాతి మెట్టు. ఒక్కో సిలిండర్లో ఇంధనాన్ని ఒకేసారి గుమ్మరించకుండా, ఒక్క దహన చక్రంలోనే ఐదు విడతల వరకు చిమ్మడం ఇందులోని ప్రత్యేకత. అసలు మోతాదుకు ముందు కొంచెం ఇంధనం పంపితే మంట మెల్లగా రాజుకుంటుంది, చప్పుడు తగ్గుతుంది. తర్వాత పంపే కొసరుతో మసి కాలిపోతుంది.

దీన్ని ఓ బుల్లి ఇంజిన్‌లో పెట్టాలన్న ఆలోచనకు డబ్బు, మార్కెట్ రెండూ సమకూరింది జనరల్ మోటార్స్‌తో పొత్తు వల్ల. 2000లో ఫియట్, జీఎం చేతులు కలిపాయి. ఇంజిన్ల తయారీకి ఫియట్-జీఎం పవర్‌ట్రెయిన్ అనే ఉమ్మడి సంస్థ పెట్టాయి. దాని ఫలమే 2003లో పోలండ్‌లోని బియెల్స్కో-బియావా ఫ్యాక్టరీ నుంచి బయటకు వచ్చిన ఈ 1.3. పొత్తు 2005లోనే తెగిపోయింది, ఇంజిన్ మాత్రం నిలబడింది. అదే ఏడాది 1 నుంచి 1.4 లీటర్ల తరగతిలో ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ బహుమతి కూడా దీనికే దక్కింది.

లెక్కలు చూస్తే ఇది ఎంత కుదురైన ఇంజిన్‌నో అర్థమవుతుంది. సామర్థ్యం 1248 సీసీ. సిలిండర్ వ్యాసం 69.6 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 82 మిల్లీమీటర్లు. నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, పైన వాల్వులను తెరిచే రెండు క్యామ్‌షాఫ్టులు. బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. కామన్ రైల్ గొట్టంలో ఒత్తిడి మొదట్లో 1400 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి), తర్వాతి రకాల్లో 1600. మొత్తం బరువు దాదాపు 130 కిలోలే. అప్పటిదాకా డీజిల్ అంటే ముందు చక్రాల మీద బండెడు ఇనుము పెట్టడమే అనుకున్న చిన్న కార్ల తయారీదారులకు ఇది పెద్ద వరం.

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో మామూలుది ఉన్న రకం 75 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలతే) శక్తి, 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇచ్చేది. డీజిల్ స్విఫ్ట్ నడిపినవాళ్లకు దీని గుణం బాగా తెలుసు. 2000 ఆర్‌పీఎం దాటేదాకా ఏమీ లేనట్టు ఉంటుంది, దాటగానే ఒక్కసారిగా ముందుకు లాగుతుంది. ట్రాఫిక్‌లో ఇది విసుగే. ఇంజిన్ పొగ ప్రవాహాన్ని బట్టి రెక్కల కోణం మార్చుకునే టర్బో పెట్టిన 90 పీఎస్ రకంలో ఈ ల్యాగ్ (ఊపు అందుకోవడంలో ఆలస్యం) కొంత తగ్గింది, పై వేగాల్లో ఊపు పెరిగింది. కాకపోతే ఆ కదిలే రెక్కల మధ్య మసి పేరుకుని బిగుసుకుపోవడం కొత్త తలనొప్పిగా తయారైంది.

ఇప్పుడు చైన్ సంగతి. రబ్బరు టైమింగ్ బెల్టు అయితే ఫలానా కిలోమీటర్లకు మార్చి తీరాలి. చైన్ అయితే ఆ ఖర్చు లేదని, ఇంజిన్ ఉన్నంతకాలం ఉంటుందని చెప్పారు. ఆ మాటకు ఒక షరతు ఉంది, ప్రకటనల్లో అది ఎవరూ పెద్దగా చెప్పలేదు. చైన్‌ని బిగుతుగా పట్టుకునే టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ఒత్తిడితో. చైన్ లింకులు అరగకుండా కాపాడేదీ ఆ ఆయిలే. ఇంజిన్‌ని చిన్నగా చేశారు కాబట్టి అడుగున ఉండే సంప్ అనే తొట్టిలో పట్టే ఆయిల్ సుమారు 3 లీటర్లే. అందులోంచి ఒక లీటరు తగ్గితే మూడో వంతు పోయినట్టే. పైగా ఇది డీజిల్, మసి తప్పదు. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి పొగలో కొంత భాగాన్ని ఈజీఆర్ వాల్వ్ మళ్లీ లోపలికే పంపుతుంది కనుక ఆ మసి మరింత ఎక్కువ. ఆయిల్‌లో కలిసిన మసి లింకుల మధ్య చేరి సానరాయిలా అరగదీస్తుంది.

ఇలాంటి ఇంజిన్‌కి యూరప్‌లో 30,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మారిస్తే చాలన్నారు. కంపెనీ కార్లు, లీజు కార్లు ఎక్కువగా ఉండే మార్కెట్లో సర్వీసు ఖర్చు తక్కువ అని చూపించుకోవాలన్న ఆత్రమే దీని వెనక ఉందని నా అభిప్రాయం. ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి చూసే అలవాటు లేనివాళ్ల చేతిలో ఏం జరుగుతుందో ఊహించవచ్చు. రెండేళ్ల పాటు అదే ఆయిల్, మధ్యలో కొంత తరుగు, చలి దేశాల్లో గడ్డకట్టే ఉదయాలు. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో టెన్షనర్‌కి ఒత్తిడి అందక చైన్ వదులుగా కొట్టుకుంటుంది. ఆ గలగల చప్పుడే మొదటి హెచ్చరిక. పట్టించుకోకపోతే ఒకరోజు చైన్ పళ్లు జారుతుంది. అప్పుడు పిస్టన్లు వాల్వులను తాకుతాయి, వాల్వులను నొక్కే రాకర్లు విరుగుతాయి, హెడ్ విప్పాల్సిందే.

మన దేశంలో కథ వేరేలా నడిచింది. సుజుకీకి సొంతంగా చిన్న డీజిల్ ఇంజిన్ లేదు. ఫియట్ లైసెన్సు తీసుకుని హర్యానాలోని మానేసర్‌లో తయారీ మొదలుపెట్టి, 2007లో డీజిల్ స్విఫ్ట్ తెచ్చింది. 2008లో పుణె దగ్గర రంజన్‌గావ్‌లోని ఫియట్-టాటా ప్లాంటు వంతు వచ్చింది. 2010 జూన్‌లో ప్రభుత్వం పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తేసి, డీజిల్‌పై మాత్రం ఉంచింది. పెట్రోలుకీ డీజిల్‌కీ ధరలో తేడా పెరిగేకొద్దీ అందరూ డీజిల్ వైపే పరిగెత్తారు. స్విఫ్ట్, డిజైర్‌ల కోసం నెలల తరబడి వెయిటింగ్. పోటీపడే కంపెనీలు కొన్ని ఒకే ఇంజిన్ అమ్ముతుంటే పత్రికలు దీన్ని ‘జాతీయ ఇంజిన్’ అని ముద్దుగా పిలిచాయి.

ఇక్కడ మారుతీ పెట్టిన ఆయిల్ గడువు 10,000 కిలోమీటర్లు. యూరప్ గడువులో మూడో వంతు. గడ్డకట్టే చలి చాలా ప్రాంతాల్లో లేదు. రోజూ దూరాలు తిరిగే ట్యాక్సీల్లో ఇంజిన్ బాగా వేడెక్కి నడుస్తుంది, అది డీజిల్‌కి మంచిదే. దీని దీర్ఘాయువు పేరు ఎక్కువగా అలాంటి ట్యాక్సీల నుంచే వచ్చింది. ఆయిల్ మార్చడం వాయిదా వేసిన బళ్లు ఇక్కడా చైన్ చప్పుడు చేశాయి, సంఖ్య తక్కువ కాబట్టి గోల తక్కువ. ఇనుము రెండు చోట్లా ఒకటే అయినప్పుడు, తేడా సర్వీసు పుస్తకంలో ఉందనే అనుకోవాలి.

ఇంకో తేడా కూడా ఉంది. యూరప్‌లో యూరో 5 పొగ నిబంధనలు వచ్చేసరికి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, తప్పనిసరి లాంటిదైంది. అది నిండినప్పుడు అదనంగా డీజిల్ చిమ్మి, ఆ వేడితో మసిని కాల్చేస్తారు. ఊళ్లోనే నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బళ్లలో ఆ కాల్చడం సగంలో ఆగిపోతుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగినట్టు కనిపిస్తుంది కానీ, ఆ ఆయిల్ పలచబడిపోయింది. చైన్‌కి ఆయిల్ తగ్గినా ముప్పే, ఇలా పెరిగినా ముప్పే. డీపీఎఫ్ ఉన్న రకాలకు బూడిద తక్కువ మిగిల్చే 5డబ్ల్యూ-30 ఆయిల్ వేరుగా చెప్పారు. ఏదో ఒక డీజిల్ ఆయిల్ పోస్తే ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. మన దగ్గర బీఎస్4 (భారత్ స్టేజ్ 4 పొగ నిబంధనలు) కాలంలో అమ్మిన 1.3 బళ్లలో చాలా వాటికి ఈ డీపీఎఫ్ బాధే లేదు.

ఇంజెక్టర్ల విషయానికి వస్తే, అంత ఒత్తిడిలో పనిచేసే సన్నని రంధ్రాలకు నీళ్లు, మురికి పడవు. డీజిల్ ఫిల్టర్‌ని గడువులోపు మార్చడం, అడుగున చేరిన నీళ్లు తీసేయడం చవకైన పనులు. ఇంజెక్టర్ మార్చడం చవకైన పని కాదు.

2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద కూడా నియంత్రణ పోయింది. చిన్న డీజిల్ కారుకు ఉన్న లాభం కరగడం అప్పుడే మొదలైంది. బీఎస్6 వస్తే ఈ ఇంజిన్‌కి డీపీఎఫ్‌తో పాటు ఇంకా ఖరీదైన సరంజామా తగిలించాలి, ఆ ఖర్చు చిన్న కారు ధరలో ఇమడదు. 2019 ఏప్రిల్‌లో మారుతీ డీజిల్ మానేస్తున్నట్టు ప్రకటించింది. 2020 ఏప్రిల్ 1న కొత్త నిబంధనలు వచ్చాక మన దేశంలో 1.3 ఉన్న కొత్త కార్లు ఆగిపోయాయి. అది పుట్టిన పోలండ్ ఫ్యాక్టరీని మూసేస్తున్నట్టు, ఫియట్ ఇప్పుడు భాగంగా ఉన్న స్టెలాంటిస్ గ్రూపు 2024లో ప్రకటించింది.

రోడ్డు మీద మాత్రం ఇవి ఇంకా లక్షల్లో ఉన్నాయి. ఇన్ని కంపెనీలు వాడటం వల్ల విడిభాగాలకు ఇప్పటికీ కొదవ లేదు. అయితే ఇంజిన్ ఒకటే కదా అని ఒక బండి టర్బో ఇంకో బండికి బిగించకూడదు. 75 పీఎస్, 90 పీఎస్ రకాల టర్బోలు వేరు, కంప్యూటర్‌లో రాసిన లెక్కలు వేరు. పాత బండి కొనేవాళ్లు పార్ట్ నంబరు సరిచూసుకోవాలి. మీటర్లో కనిపించే కిలోమీటర్ల కంటే ముందు, ఆయిల్ ఎన్నాళ్లకొకసారి మార్చారో చెప్పే సర్వీసు రికార్డు అడగాలి.