ట్యాంకు పెద్దదైతే ప్రెజర్ పెరగదు: నీళ్ల లైన్ల మీద అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇళ్లకు, లాడ్జిలకు మోటార్లు, పైపులైన్లు బిగించడం నా పని. మంచి డబ్బు పెట్టి కూడా పై మిద్దెలో బకెట్ నిండక బాధపడే వాళ్లను చూస్తుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పెద్ద ట్యాంకు పెడితే ప్రెజర్ పెరుగుతుంది.
ప్రెజర్‌ను తేల్చేది ఎత్తు మాత్రమే. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. 500 లీటర్లైనా 5000 లీటర్లైనా అంతే. పై మిద్దె షవర్‌కూ ట్యాంకుకూ మధ్య రెండు మీటర్లు కూడా ఉండదు, ఇక ధార ఎక్కడిది? ట్యాంకు కింద స్టాండు కట్టించండి.

అపోహ: సన్న పైపు వేస్తే నీళ్లు జోరుగా వస్తాయి.
అందరూ చెప్పేది ఒకటే: "చెట్లకు నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే దూరం పడతాయి కదా?" పడతాయి. కానీ అక్కడ సన్నబడింది మూతి ఒక్కటే. వేలు పెట్టగానే పైపులో నీళ్లు నెమ్మదిస్తాయి, పైపు గోడలకు ఒరుసుకోవడంలో ఖర్చయ్యే ప్రెజర్ మిగులుతుంది, అదంతా మూతి దగ్గర వేగంగా మారుతుంది. బకెట్ పెట్టి చూడండి, నిండడానికి ఇంకా ఎక్కువ టైమే పడుతుంది. లైను మొత్తం సన్నగా వేస్తే ఆ ప్రెజర్ దారిలోనే ఖర్చయిపోతుంది. అవే నీళ్లు సగం వ్యాసమున్న పైపులో పంపాలంటే ఈ నష్టం సుమారు 30 రెట్లు! ఒక లాడ్జిలో ఇంచి పైపు చెప్తే, ఖర్చు తగ్గుతుందని అర ఇంచి వేయించారు. తర్వాత గోడలు పగలగొట్టి మార్చాల్సి వచ్చింది. ఆ రోజు గట్టిగా పట్టుబట్టలేదని నాకు ఇప్పటికీ బాధే.

అపోహ: పైపు పగిలిందంటే అది నాసిరకమే.
కొళాయి టక్కున కట్టేస్తే గోడలో దబ్బుమని చప్పుడు వస్తుంది, విన్నారా? పరుగెత్తే నీళ్లు ఒక్కసారిగా ఆగితే ఆ దెబ్బ పైపు మీద పడుతుంది. రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ 1898లోనే దీనికి లెక్క కట్టారు. ఇనుప పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీళ్లు ఠక్కున ఆగితే ప్రెజర్ 12 కిలోల పైగా ఎగుస్తుంది. ప్లాస్టిక్ పైపు కాస్త సాగుతుంది కాబట్టి దెబ్బ తగ్గుతుంది, కానీ రోజూ అలా సాగి సాగి అదీ అలసిపోతుంది. కొళాయి మెల్లగా కట్టండి.

అపోహ: పెద్ద మోటారైతే ఎంత లోతు నుంచైనా లాగుతుంది.
పైన కూర్చున్న ఏ మోటారూ నీళ్లను లాగదు. పైపులో గాలి తగ్గిస్తుంది, బయటి గాలి నీళ్లను పైకి తోస్తుంది. గాలి బలం 10 మీటర్లకు కాస్త పైన అయిపోతుంది, పనిలో ఏడెనిమిది మీటర్లే దక్కుతాయి. తిరుమల కొండ మీద గాలి ఒత్తిడి పది శాతం దాకా తక్కువ కాబట్టి అక్కడ ఇంకా తగ్గుతుంది. మన చిత్తూరు వైపు లోతు బోర్లలో మోటారును నీళ్లలోకే దించేది అందుకే, అది కింది నుంచి నెడుతుంది. నీటి మట్టం 600 అడుగుల్లో ఉంటే అన్నిటికంటే కింద ఉన్న పైపు మీద చదరపు సెంటీమీటరుకు 18 కిలోలకు పైగా ప్రెజర్ పడుతుంది. పైపు కొనేటప్పుడు ధర కంటే ముందు దాని మీద అచ్చేసిన ప్రెజర్ అంకె చూడండి.