పుస్తకంలో లేని జలపాతం

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "చిన్నప్పుడు ప్రాణంగా చదువుకున్న సాహస నవల మళ్లీ దొరికింది. దీవిలో ఎర్రటి కొండ, దాని మీంచి దూకే జలపాతం కళ్లకు కట్టినట్టు గుర్తు. ఇప్పుడు ఎంత వెతికినా ఆ జలపాతం లేదు, 'ఎత్తయిన కొండ' అని మాత్రం ఉంది. పేజీలేమైనా పోయాయా?"

పేజీలు పోలేదమ్మా. అది మీ ఊరి కపిలతీర్థం జలపాతం అయ్యుంటుంది. వానాకాలంలో అక్కడ నీళ్లు దూకడం చూస్తూ పెరిగిన పిల్ల 'కొండ' అని చదివితే ఇంకే కొండ కనిపిస్తుంది? ఇలాంటివాటిని పూర్వజన్మ వాసన అనేవాళ్లున్నారు. ఈ జన్మలో చూసిన ఊరే చాలు.

కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లండు వాళ్లతో చదివించి, కొన్నాళ్లు ఆగి ఆగి మళ్లీ చెప్పించాడు. 1932లో ఆ వివరాలు పుస్తకంగా వచ్చాయి. కథలో సీలు వేట కాస్తా వాళ్ల నోట చేపల వేట అయింది. అబద్ధమాడింది ఎవరూ లేరు, తెలిసిన లోకంలోకి కథను లాక్కున్నారంతే. పాఠం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పలేదని పిల్లల్ని బెంచీ ఎక్కించడం చూస్తే నాకు కడుపు మండుతుంది. సొంత ఊళ్లోకి తెచ్చుకున్న పిల్లకే కథ అర్థమైనట్టు.

మరి కల్పించుకున్నది అంత నిజంగా ఎలా అనిపిస్తుంది? ఇక్కడ మన చిత్తూరు బెల్లం సాయం కావాలి. జ్ఞాపకం ఒకసారి గడ్డకడితే ఇక మారదని చాలాకాలం అనుకున్నారు. 2000లో కరీం నాడర్, గ్లెన్ షాఫ్, జోసెఫ్ లెడూ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు ఒక శబ్దం వినిపించి షాక్ ఇచ్చారు. శబ్దమంటే భయం పట్టుకుంది. మర్నాడు ఆ శబ్దం మళ్లీ వినిపించి, వెంటనే మెదడులో భయాన్ని గుర్తుపెట్టుకునే అమిగ్డలా అనే భాగంలోకి, ప్రోటీన్ల తయారీని ఆపే ఎనిసోమైసిన్ అనే మందు ఎక్కించారు. తర్వాత చూస్తే భయం బాగా తగ్గిపోయింది. శబ్దం వినిపించకుండా మందు ఒక్కటే ఇస్తే భయం చెక్కుచెదరలేదు. అచ్చు బెల్లం మీద ఏం పోసినా పైపైనే జారిపోతుంది కదా! గుర్తు చేయడమంటే బెల్లాన్ని కరిగించడం. కరిగిన పాకం మళ్లీ గట్టిపడాలంటే కొత్త ప్రోటీన్లు కావాలి, మందు వాటినే ఆపింది. గుర్తు చేసిన ఆరు గంటల తర్వాత ఇచ్చిన మందు పనిచేయలేదు, అప్పటికే పాకం అచ్చులో బిగిసింది. పాకంగా ఉన్నప్పుడు యాలకుల పొడి పడితే అచ్చులో కలిసిపోతుంది, తర్వాత దాన్ని ఏరలేం. ఆ నవలను తలుచుకున్న ప్రతిసారీ మీ పాకంలో కాస్త కపిలతీర్థం పడి ఉంటుంది.

ఎలుక భయమూ నవల జ్ఞాపకమూ ఒకటి కావు. మనుషుల మీద చేసిన ఇలాంటి ప్రయోగాలు అన్నిసార్లూ ఒకే ఫలితం ఇవ్వలేదు కూడా. అయినా మీ చేతిలో ఉన్నది ఎంత అరుదైన వస్తువో చూడండి! అమ్మమ్మ ఇంటి వసారా ఎలా ఉండేదో సరిచూసుకుందామంటే ఆ ఇల్లే ఉండదు. ఈ నవలలో అక్షరాలు మాత్రం అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. మారిందేమిటో పేజీ పేజీకీ పట్టుకోవచ్చు.

అందుకే చిన్ననాటి నవల ఇంకొకటి దొరికితే వెంటనే తెరవకండి. గుర్తున్న దృశ్యాలన్నీ, గోడల రంగులతో సహా, ముందు ఒక నోటుబుక్కులో రాయండి. చదవడం మొదలయ్యాక పాత పాకం, కొత్త పాకం కలిసిపోతాయి.