ఒక్క మిల్లీమీటరు సందులో నిప్పు

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే మా కారు ఎక్కిళ్లు వచ్చినట్టు కుదిపింది. యాక్సిలరేటర్ కాస్త వదిలితే సర్దుకుంటోంది, గట్టిగా తొక్కితే మళ్లీ అదే కుదుపు. పైకి వెళ్లాక బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి చూశాను. ఏ లోపమూ లేనట్టు మెత్తగా తిరుగుతోంది. తిరుగు ప్రయాణంలో చదును రోడ్డు మీదా బాగానే నడిచింది. ఎత్తు ఎక్కేటప్పుడే ఈ మిస్సింగ్. ఇంటికొచ్చి పాత బిల్లులు తీస్తే సంగతి అర్థమైంది. ఇంజిన్లో పెట్రోలును అంటించే స్పార్క్ ప్లగ్గులు మార్చి 42,000 కిలోమీటర్లు దాటింది. అవి మామూలు నికెల్ ప్లగ్గులు. ఈపాటికే మార్చి ఉండాల్సింది.

ఆ పని నేనే చేసుకుందామని అనుకున్నాను. డబ్బు మిగులుతుందని కాదు. షెడ్డులో మార్పిస్తే పాత ప్లగ్గులు చెత్తడబ్బాలోకి పోతాయి. పెట్రోలు మండే సిలిండర్ లోపల మంటల మధ్య ఇన్నాళ్లు ఉండి బయటికొచ్చే వస్తువు అదొక్కటే. ఇంజిన్ విప్పకుండా లోపలి సంగతి తెలియాలంటే దాన్ని చూడాలి. అందుకే పెట్రోలు కారున్న ప్రతివాళ్లూ ఒక్కసారైనా తమ ప్లగ్గులు తామే తీసి చూడాలని నా అభిప్రాయం. (డీజిల్ కార్లకు ఈ ప్లగ్గులు ఉండవు. అక్కడ గాలిని విపరీతంగా నొక్కడంతో పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది.)

ఇంతకీ కుదుపు ఘాట్ మీదే ఎందుకు వచ్చింది?

ప్లగ్గు కొసన మధ్యలో ఒక కడ్డీ, దాని మీదికి కొక్కెంలా వంగిన మరో కడ్డీ ఉంటాయి. రెండింటి మధ్య ఒక మిల్లీమీటరు అటూ ఇటుగా సందు. ఆ సందులో నిప్పురవ్వ పుట్టాలి. గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. మనం పీల్చే గాలిలో ఆ మిల్లీమీటరు దాటడానికి నాలుగైదు వేల వోల్టులు కావాలి. సిలిండర్లో పరిస్థితి ఇంకా కష్టం. పిస్టన్ పైకొచ్చి గాలీ పెట్రోలు ఆవిరీ కలిసిన మిశ్రమాన్ని దాదాపు పదో వంతుకు నొక్కేస్తుంది. అణువులు అంత ఒత్తుగా ఉన్నచోట ఎలక్ట్రాను జాతరలో పరిగెత్తబోయిన పిల్లాడి లాంటిది. రెండడుగులు వేసేలోపే ఎవరినో ఒకరిని గుద్దుకుంటుంది, వేగం పుంజుకోదు. దాన్ని అవతలికి తోయాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజీ పెట్టాలి. సందు పెరిగినా అంతే. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ 1889లో ఈ లెక్క తేల్చాడు. రవ్వ పుట్టడానికి ఎంత వోల్టేజీ కావాలన్నది వాయువు పీడనాన్నీ సందు పొడవునూ గుణిస్తే వచ్చే విలువను బట్టి ఉంటుంది.

ఘాట్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ బాగా తొక్కుతాం. సిలిండర్లోకి గాలి ఎక్కువ వస్తుంది, దాన్ని నొక్కినప్పుడు పీడనమూ ఎక్కువే. అరిగిన ప్లగ్గులో సందు అప్పటికే పెరిగి ఉంది. రెండూ కలిసేసరికి కావాల్సిన వోల్టేజీ 30 వేలు కూడా దాటవచ్చు. ప్లగ్గుకు ఆ వోల్టేజీ అందించే కాయిల్ అంత ఇవ్వలేకపోతే రవ్వ పుట్టదు, ఆ ఒక్కసారికి మిశ్రమం మండకుండానే బయటికి పోతుంది. మనకు తెలిసే కుదుపు అదే. బండి నిలబడి ఉండి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు పీడనం తక్కువ కాబట్టి అరిగిన ప్లగ్గు కూడా పని కానిచ్చేస్తుంది. బండి నిలబెట్టి, ఇంజిన్ శబ్దం విని, అంతా బాగానే ఉందని చెప్పేస్తే ఈ జబ్బు దొరకదు.

12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్ని వేల వోల్టులు రావడం ఫారడే 1831లో కనిపెట్టిన ప్రేరణ సూత్రం చలవే. కాయిల్లో తక్కువ చుట్ల తీగ ఒకటి, వేల చుట్ల సన్నని తీగ మరొకటి ఉంటాయి. మొదటి దానిలో కరెంటు పారించి టక్కున ఆపేస్తే, అక్కడున్న అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కుప్పకూలి రెండో తీగలో భారీ వోల్టేజీ పుట్టిస్తుంది. ఒక్కో రవ్వకు ఖర్చయ్యే శక్తి మాత్రం చాలా తక్కువ, 50 మిల్లీజౌళ్లు అనుకోండి. అయిదు గ్రాముల నాణేన్ని మీటరు ఎత్తు లేపడానికి అంత శక్తి పడుతుంది. ఆ కాస్త శక్తీ సూదిమొనంత చోట, సెకనులో వెయ్యో వంతులో విడుదలవుతుంది కనుకనే అక్కడ ఉష్ణోగ్రత వేల డిగ్రీలకు పోతుంది.

పారిస్‌లో ఎతియెన్ లెన్వార్ 1860లో తన గ్యాస్ ఇంజిన్‌ను విద్యుత్ రవ్వతోనే మండించాడు. ఆ ఇంజిన్లో మిశ్రమాన్ని నొక్కే ఏర్పాటు లేదు కాబట్టి రవ్వకు పెద్ద కష్టం లేదు. ఇంజిన్ల వేగం పెరిగాక తట్టుకునే ప్లగ్గు కావాల్సి వచ్చింది. రాబర్ట్ బాష్ సంస్థలో ఇంజినీరు గాట్లోబ్ హోనోల్డ్ 1902లో హై వోల్టేజీ మాగ్నెటో (అయస్కాంతంతో కరెంటు పుట్టించే పరికరం), దానికి తగ్గ ప్లగ్గు తయారుచేశాడు. ఈ రోజు మన కార్లో ఉన్నది కూడా చూపులకు దాదాపు అదే.

ఇక పనిలోకి వద్దాం. ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను, ఇంజిన్ రాత్రంతా ఆగి చల్లారి ఉంది. ఇది తప్పనిసరి. ప్లగ్గు బిగించి ఉండే సిలిండర్ హెడ్, అంటే సిలిండర్ల పైభాగం, అల్యూమినియం; ప్లగ్గు ఒళ్లు ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, మెత్తబడుతుంది కూడా. వేడి మీద ప్లగ్గు తిప్పితే హెడ్‌లోని మరలు చెక్కుకుపోవచ్చు. ప్లగ్గు పోతే వందల రూపాయలతో పోతుంది, హెడ్‌లో థ్రెడ్డు పోతే వేలు వదులుతాయి.

తాళం చెవి తీసేశాను. కాయిల్ మీది కరెంటు సాకెట్‌కు ఒక ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి ఎండి పెళుసెక్కి ఉంటుంది కనుక బొటనవేలితో నెమ్మదిగా నొక్కి విడదీయాలి. 10 మిల్లీమీటర్ల బోల్టు విప్పి, కాయిల్‌ను కొంచెం ఇటూ అటూ తిప్పుతూ పైకి లాగితే వచ్చేస్తుంది. కింద లోతైన గొట్టం, దాని అడుగున ప్లగ్గు. ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఆ గొట్టంలో దుమ్ము, ఇసుక రేణువులు చేరి ఉంటాయి. అలాగే ప్లగ్గు తీస్తే అవన్నీ తిన్నగా సిలిండర్లో పడతాయి. నేను సైకిలు పంపు తెచ్చి, గొట్టంలో పెట్టి పదిసార్లు కొట్టాను. ఎర్రటి దుమ్ము పొగలా లేచింది. ఆ తర్వాతే ప్లగ్గు విప్పే సాకెట్ పానా దింపాను.

ఏ సిలిండర్ మిస్ అవుతోందో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో కాయిల్ పీకి చూసే పద్ధతి మన దగ్గర బాగా ఉంది. పాత బండ్లకు నడిచిందేమో గానీ ఇప్పుడు వద్దు. వేల వోల్టుల షాక్ కొట్టవచ్చు, కాయిల్ కాలవచ్చు. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లోకి వెళ్లి అక్కడ మండితే ఆ ఖరీదైన భాగం పాడవుతుంది.

నాలుగు ప్లగ్గులనూ పాత పేపరు మీద 1, 2, 3, 4 అని రాసి వరుసగా పెట్టాను. కొసలు లేత గోధుమ రంగులో, పొడిగా ఉన్నాయి. అది ఆరోగ్యం. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందనో, ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయిందనో అనుమానించాలి. నల్లగా, నూనె తడితో నిగనిగలాడుతుంటే ఇంజిన్ ఆయిల్ సిలిండర్లోకి దిగుతోంది. తెల్లగా పాలిపోయి, బొబ్బలెక్కినట్టు ఉంటే అది మితిమీరిన వేడి. నా ప్లగ్గుల్లో రంగు మంచిదే, అరుగుదలే సమస్య. కొత్త ప్లగ్గు పక్కన పెట్టి చూశాను. కొత్తదాని మధ్య కడ్డీ అంచు కోసుకుపోయేంత పదునుగా ఉంది, పాతది అరిగిపోయిన సబ్బు ముక్కలా గుండ్రంగా ఉంది. సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే కొత్తదానికి 1 మిల్లీమీటరు, పాతవాటికి 1.3.

ఆ అరుగుదలకు కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. 42,000 కిలోమీటర్లు, సగటున గంటకు 35 చొప్పున 1,200 గంటలు. ఇంజిన్ నిమిషానికి సగటున 2,000 చుట్లు తిరిగిందనుకుంటే, రెండు చుట్లకొక రవ్వ చొప్పున ఒక్కో ప్లగ్గు 7 కోట్ల సార్లకు పైగా మెరిసింది. ప్రతి మెరుపూ కాసిని లోహపు అణువులను ఊడబెరుకుతుంది. విద్యుత్ క్షేత్రం పదునైన అంచుల దగ్గర చిక్కబడుతుంది, పిడుగులను పట్టే కడ్డీకి మొన ఉండేదీ అందుకే. అంచు గుండ్రమైతే సందు పెరగడంతో పాటు ఈ సాయమూ పోతుంది.

ప్లగ్గు మీది తెల్లని పింగాణీ భాగం కూడా తీరిగ్గా చూడదగ్గది. అది అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్. పైభాగాన ఉంగరాల్లాంటి గాడులు అందానికి కావు. రవ్వ ఉపరితలం వెంట పాకి పక్కదారిన పోకుండా ఆ దారిని పొడవు చేస్తాయి. కరెంటు స్తంభాల మీద పింగాణీ గిన్నెలు పెట్టిన సూత్రమే ఇదీ. లోహం కలిసే చోట గోధుమ రంగు మరక కనిపిస్తే లోపలి మంట లీకైందని కొందరు కంగారుపడతారు. చాలాసార్లు అది హై వోల్టేజీ చుట్టూ గాలిలోని నూనె రేణువులు అంటుకుని ఏర్పడిన మరకే. కొత్త ప్లగ్గు చేయి జారి నేల మీద పడితే మాత్రం వాడకండి. పింగాణీలో వెంట్రుకవాసి పగులు పడి ఉండొచ్చు, కంటికి కనపడదు.

మా నాన్న పాత టూ స్ట్రోక్ స్కూటర్ మొరాయిస్తే ప్లగ్గు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, నోటితో ఊది బిగించేవారు. బండి వెంటనే స్టార్టయ్యేది. పెట్రోల్లో కలిపిన ఆయిల్ మండి కార్బన్ పేరుకునేది, కార్బన్ గుండా కరెంటు జారిపోయి రవ్వ పుట్టేది కాదు. రుద్దితే ఆ అడ్డు పోయేది. ఆ రోజుల్లో అది సరైన వైద్యమే. ఇప్పటి ఇరిడియం లోహపు మొన ఉన్న ప్లగ్గుకు అదే వైద్యం చేస్తే చేజేతులా చంపినట్టే. దాని మధ్య కడ్డీ కొస 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. సందు సరిచేద్దామని గేజ్‌తో నెట్టినా విరిగిపోవచ్చు.

ఈ ఇరిడియం గురించి ఒక మాట చెప్పాలి. 1803లో లండన్‌లో స్మిత్సన్ టెనెంట్ దీన్ని కనిపెట్టి, దాని లవణాల రంగులు చూసి గ్రీకుల ఇంద్రధనుస్సు దేవత ఐరిస్ పేరు పెట్టాడు. 2,446 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు, నికెల్ 1,455 దగ్గరే కరుగుతుంది. అందుకే అంత సన్నని మొన కూడా 80 వేలు, లక్ష కిలోమీటర్ల దాకా నిలుస్తుంది. భూమి పైపొరలో ఇది అత్యంత అరుదు, ఉల్కల్లో ఎక్కువ. ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి మట్టి పొరలో ఉండాల్సినదాని కన్నా ఎన్నో రెట్లు ఇరిడియం కనబడటంతోనే, పెద్ద గ్రహశకలం ఢీకొని డైనోసార్లు అంతరించాయని ఆల్వారెజ్ తండ్రీకొడుకుల బృందం 1980లో ప్రతిపాదించింది.

ఈసారి నేనూ ఇరిడియం రకమే తెచ్చాను, మాన్యువల్‌లో రాసిన నంబరు చూసుకునే. ఆ నంబరులో హీట్ రేంజ్ దాగి ఉంటుంది. ప్లగ్గు కొస సుమారు 500 డిగ్రీలు దాటితేనే పేరుకున్న మసి తనంతట తాను కాలిపోతుంది. 850 దాటి ఇంకా వేడెక్కితే రవ్వ రాకముందే మిశ్రమాన్ని అంటించేస్తుంది. ఏ ఇంజిన్‌కు ఎంత వేగంగా వేడిని బయటికి పంపే ప్లగ్గు కావాలో తయారుచేసినవాళ్లకే తెలుసు. దుకాణంలో "ఇది కూడా సరిపోద్ది సార్" అంటే నమ్మవద్దు.

బిగించడం దగ్గరే నాకు టెన్షన్. అడుగు పొడవు రబ్బరు గొట్టం ముక్క తీసుకుని, దాని చివర ప్లగ్గు తొడిగి రంధ్రంలోకి దింపాను. మొదట వెనక్కి తిప్పితే మర మొదలయ్యే చోట చిన్నగా టక్‌మంటుంది. అప్పుడు ముందుకు తిప్పాలి. మర వంకరగా పట్టితే రబ్బరు జారిపోతుంది, లోహాన్ని కోసేంత బలం దానికి లేదు. చేత్తో ఆగేదాకా వెళ్లాక, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్. 14 మిల్లీమీటర్ల మర, చదునైన వాషర్ ఉన్న ప్లగ్గుకు 25 న్యూటన్ మీటర్లు, అంటే పావు మీటరు పిడి చివర పది కిలోల బరువు వేలాడదీసినంత. 12 మిల్లీమీటర్ల మర అయితే ఇంకా తక్కువ. వాషర్ అణుగుతుంటే చేతికి తెలుస్తుంది. ఎంత బిగిస్తే అంత మంచిదని అనుకోకూడదు. అలాగని వదులుగా వదిలినా ప్రమాదమే. కొసలోని వేడి ఆ మరల గుండా, వాషర్ గుండానే హెడ్‌లోకి పోవాలి. దారి సరిగా అతకకపోతే ప్లగ్గు కాలిపోతుంది. మరలకు గ్రీజు రాస్తే జారుడు ఎక్కువై అదే అంకె దగ్గర అవసరానికి మించి బిగుస్తుంది, కాబట్టి పొడిగానే బిగించాను.

నాలుగూ అయ్యాక కాయిళ్లు పెట్టి స్టార్ట్ చేస్తే మొదటి తిప్పుకే అందుకుంది. మూడో ప్లగ్గు గొట్టం అడుగున మాత్రం కాస్త నూనె చెమ్మ కనిపించింది. వాల్వ్ కవర్, అంటే ఇంజిన్ పైమూత, సీలు గట్టిపడుతున్నట్టుంది, వచ్చే నెల దాని సంగతి చూడాలి. కొత్త ప్లగ్గుల అట్టపెట్టె మూత చింపి, దాని మీద తేదీ, కిలోమీటర్ల రీడింగు, "3లో నూనె" అని రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను.