పీక్ గంటల్లో కరెంటు తగ్గించడం: మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో రోజూ వినే అపోహలు, అసలు లెక్కలు

వరంగల్ చుట్టుపక్కల రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు తిరిగి కరెంటు లెక్కలు చూడటం నా పని. ఎనర్జీ ఆడిట్ అంటారు. ఇరవై ఏళ్లకు దగ్గర పడుతోంది. ఏ షెడ్డులో అడుగుపెట్టినా మొదట వినపడే మాట ఒకటే: "బిల్లు తగ్గాల్నంటే ఏ మిషన్ కొనాలె సార్?" ముందు మీటరు చూద్దాం పదండి అంటాను. కొనకుండానే తగ్గేది చాలా ఉంటుంది. దానికి అడ్డుపడేది డబ్బు కన్నా ఎక్కువగా ఈ కింది నమ్మకాలే.

అపోహ: పీక్ అంటే మే నెల మిట్టమధ్యాహ్నం, ఏసీల వల్ల వచ్చేది.

పీక్ అంటే కరెంటు వాడకం అన్నిటికన్నా ఎక్కువుండే వేళ. దేశం మొత్తం లెక్క తీస్తే అది ఎండాకాలమే. 2024 మే 30న దేశంలో డిమాండ్ 250 గిగావాట్ల దగ్గరికి వెళ్లింది. తెలంగాణ కథ వేరు. ఇక్కడ లోడు కొండెక్కేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో. లక్షల బోరు మోటార్లు ఒక్కసారే నడుస్తుంటాయి. 2025 మార్చిలో రాష్ట్ర డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి రావడం, కోల్డ్ స్టోరేజీలు నిండటం కూడా సరిగ్గా అప్పుడే.

బిల్లు లెక్కలో పీక్ అంటే ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10. ఈ ఎనిమిది గంటల్లో హెచ్‌టీ (హై టెన్షన్ లైను నుంచి కరెంటు తీసుకునే) పరిశ్రమలకు యూనిట్‌కు 1 రూపాయి అదనం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు తగ్గింపు ఉంటుంది. అది మొదట రూపాయి ఉండేది, 2024 చివరి టారిఫ్ ఆర్డరుతో రూపాయిన్నర అయింది. అంటే సాయంత్రం ఏడింటికి నడిపే పంపును పదిన్నరకు నడిపితే యూనిట్‌కు రెండున్నర రూపాయల తేడా. అదే పంపు, అవే నీళ్లు.

అపోహ: మోటారు ఆపి మళ్లీ వేస్తే కరెంటు ఎక్కువ కాలుతది, ఎండీ పెరుగుతది. అందుకే ఖాళీగానైనా నడవనియ్యాలె.

ఎండీ అంటే మాక్సిమం డిమాండ్, నెలలో మిల్లు తీసుకున్న అత్యధిక లోడు. దాన్ని కేవీఏల్లో కొలుస్తారు. ఇది అందరికన్నా ఎక్కువగా ఆపరేటర్లు నమ్మే మాట. అమ్మీటరు ముల్లు స్టార్టింగ్‌లో ఎగిరి పడటం వాళ్లు కళ్లారా చూస్తారు కాబట్టి ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ మీటరు ఆ ఎగిరిన ముల్లును ఎండీగా రాసుకోదు. 4000 కేవీఏ లోపు ఒప్పందం ఉన్న కనెక్షన్లకు ఎండీ అంటే నెలలో అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అరగంట సగటు. 4000 దాటితే పావుగంట సగటు.

లెక్క వేసి చూద్దాం. 50 హెచ్‌పీ మోటారు నిండు లోడులో దాదాపు 45 కేవీఏ తీసుకుంటుంది. డైరెక్ట్‌గా స్టార్ట్ చేస్తే ఆరింతలు, అంటే 270 కేవీఏ అనుకుందాం. అది ఆరు సెకన్లు ఉందనుకుందాం. అరగంటకు 1800 సెకన్లు. 270ని ఆరుతో గుణించి 1800తో భాగిస్తే 0.9. మొత్తం స్టార్టింగ్ భారం అరగంట సగటులో ఒక్క కేవీఏ కూడా లేదు. తక్కువ కరెంటుతో మోటారును ఎత్తుకునే స్టార్-డెల్టా స్టార్టర్ ఉంటే అంత కూడా రాదు.

మరోపక్క, ఖాళీగా తిరిగే మోటారు పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, పడిపోతుంది. హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్‌లో, అంటే లాగినదంతటికీ, వస్తుంది కాబట్టి పని చేయని మోటారుకు కూడా మనమే కడుతుంటాం. వడ్ల లారీ వచ్చేదాకా అరగంట ఖాళీ ఉందంటే ఆపేయండి. పది నిమిషాలకోసారి ఆపి వేయడం మాత్రం వద్దు. పెద్ద మోటార్లకు గంటకు ఇన్ని స్టార్టులే అని ఒక హద్దు ఉంటుంది, అది దాటితే వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది.

అపోహ: ఎండీ దాటిందంటే సీఎండీ పెంచుకోవాలె, వేరే దారి లేదు.

నర్సంపేట దారిలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం)తో రాసుకున్న ఒప్పందపు డిమాండ్, అంటే సీఎండీ, 300 కేవీఏ. బిల్లులో ఎండీ 312 వచ్చింది. మించినదానికి జరిమానా రేటు పడింది. సేటు అప్పటికే సీఎండీ 350కి పెంచమని దరఖాస్తు రాయించి జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజులు ఆగమన్నాను. హెచ్‌టీ మీటరు అరగంట అరగంటకూ లోడు రాసిపెట్టుకుంటుంది. ఆ రికార్డు తీయిస్తే 312 వచ్చింది నెల మొత్తంలో మూడంటే మూడు అరగంటలు. మూడూ ఉదయం ఏడుకూ ఎనిమిదిన్నరకూ మధ్యే.

మరుసటి రోజు ఆరున్నరకే వెళ్లి ప్యానెల్ ముందు నిలబడ్డాను. షెల్లర్, పాలిషర్, డ్రయ్యర్ ఫ్యాన్లు మామూలుగా నడుస్తున్నాయి. ఏడు దాటాక ఒకతను వచ్చి బోరు పంపు వేశాడు, 20 హెచ్‌పీ. కాసేపటికి వడ్లు నానబెట్టే తొట్లకు నీళ్లెక్కించే పంపు, 15 హెచ్‌పీ. ఎందుకు ఇప్పుడు అనడిగితే, "పొద్దుగాల్ల డ్యూటీ ఎక్కంగనే ఎయ్యాలన్నరు సార్, ఎన్నేండ్ల సంది గంతే" అన్నాడు. పాలిషర్ నడుస్తుండగా ఆ రెండు పంపులు కూడా అరగంట నడిస్తే 33 కేవీఏ దాకా మీద పడుతుంది.

ట్యాంకులో ఫ్లోట్ స్విచ్, పంపుకు టైమర్ పెట్టించి, నీళ్లు ఎక్కించే పని రాత్రి పది తర్వాతకు మార్పించాం. తర్వాతి నెల ఎండీ 279. డిమాండ్ చార్జీ (ఎండీ మీద కట్టేది) ఒక్కో కేవీఏకు నెలకు ఐదు వందల రూపాయల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఆ ఒక్క మార్పుకే పదహారు వేల దాకా మిగిలింది. జరిమానా పోవడం వేరు. దరఖాస్తు జేబులోనే ఉండిపోయింది.

ఒక హద్దు గుర్తుపెట్టుకోవాలి. ఎండీ ఎంత తగ్గినా ఒప్పందంలో కనీసం 80 శాతానికి బిల్లు వేస్తారు. 300 ఉన్నవాళ్లకు 240 కింద ఎంత కష్టపడినా డిమాండ్ చార్జీ తగ్గదు. అంత కిందికి నిలకడగా దిగగలిగితే అప్పుడు సీఎండీ తగ్గించమని రాసుకోవాలి.

అపోహ: కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ నాలుగు గంటలు ఆపితే మిర్చి ఖరాబైతది.

ఈ మాట వినగానే కొట్టిపారేయలేను. లోపల ఉన్నది రైతుల సరుకు, ఓనరు సొంతానిది కాదు. రంగు మారితే ధర పడిపోతుంది. అందుకే మాటతో ఒప్పించకుండా చూపించాలి. ఎనుమాముల దగ్గర ఒకచోట రెండు థర్మామీటర్లు పెట్టాం. ఒకటి చాంబర్ గాలిలో, ఒకటి వరుస నడుమ ఉన్న బస్తాలోకి గుచ్చి. సాయంత్రం ఆరు లోపు గదిని మామూలు కన్నా ఒక డిగ్రీ చల్లగా చేసి, ఆరింటికి కంప్రెసర్ ఆపాం. తలుపులు మూసి, ఎవరినీ లోపలికి వెళ్లనివ్వలేదు. పది గంటలకు చూస్తే గాలి రెండు డిగ్రీలు పెరిగింది. బస్తాలో ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. ఓనరు తానే టార్చి వేసి రెండుసార్లు చూసుకున్నాడు. వేల బస్తాల సరుకు తనలో చలిని పట్టి ఉంచుతుంది, గాలి వేడెక్కినంత తొందరగా సరుకు వేడెక్కదు. పైగా రాత్రి చల్లగాలికి కండెన్సర్ బాగా పనిచేస్తుంది కాబట్టి అదే చలికి కంప్రెసర్ తీసుకునే కరెంటు కొంత తక్కువ.

అయితే ఇది సరుకు నిండి, గది నిలకడ మీద ఉన్న నెలలకే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎండలో నుంచి వేడి బస్తాలు దిగుతుంటే నాలుగు గంటలు ఆపమని నేను చెప్పను. అప్పుడు లోడింగ్ సాయంత్రం ఆరు లోపు ముగించుకోండి, తలుపుకు ప్లాస్టిక్ పట్టీల తెర సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, గట్టిగా చల్లార్చే పని రాత్రికి పెట్టుకోండి.

అపోహ: పీక్‌లో జనరేటర్ వేసుకుంటే సరిపోతది.

లీటరు డీజిల్‌కు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. డీజిల్ ఒక్కటే యూనిట్‌కు 27 రూపాయలకు పైనే పడుతుంది. పీక్‌లో గ్రిడ్ కరెంటు అదనపు రూపాయి కలిపినా తొమ్మిది రూపాయల లోపే. జనరేటర్ కరెంటు పోయినప్పటి కోసం.

అపోహ: పైన సోలార్ పెట్టినం, ఇంక పీక్ బాధ లేదు.

సోలార్ మంచిదే, పెట్టుకోండి. కానీ సాయంత్రం ఆరు తర్వాత అది ఇచ్చేది దాదాపు ఏమీ లేదు. పగటి యూనిట్లు తగ్గుతాయి, సాయంత్రం ఎండీ ఎక్కడున్నది అక్కడే. సోలార్ ఉన్నవాళ్లు పగలు పదకొండు నుంచి మూడు మధ్యకు వీలైనంత పనిని జరుపుకోవడమే లాభం. ఇకముందు అందరికీ ఇదే దారి కావచ్చు. 2023లో కేంద్రం మార్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఎండ ఉన్న గంటల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలని పెట్టారు. 10 కిలోవాట్లు దాటిన వ్యాపార, పారిశ్రామిక కనెక్షన్లు ఆ నిబంధనల పరిధిలోకి వస్తాయి. అంటే హన్మకొండ చౌరస్తాలో బట్టల షాపు కూడా ఇది తన సంగతే అనుకోవాలి. షాపులకు నేను చెప్పేది: ఐదింటికే షాపు చల్లబరిచి, ఆరు తర్వాత ఏసీని 25, 26కు పెట్టి ఫ్యాన్లు వేయండి. ఒక్కో డిగ్రీకి దాదాపు 6 శాతం తగ్గుతుంది.

అపోహ: ప్లగ్గులో పెట్టే పొదుపు డబ్బాతో బిల్లు సగమైతది.

కాదు. లోపల ఉండేది చిన్న కెపాసిటర్. మిల్లులో సరిగ్గా లెక్కకట్టి పెట్టిన కెపాసిటర్ బ్యాంకు వేరు, అది కేవీఏ తగ్గిస్తుంది. ఈ డబ్బాకు పెట్టే డబ్బుతో రంగు మారిన బియ్యపు గింజలను గాలితో ఏరే సార్టెక్స్ మిషన్‌కు పోయే గాలి గొట్టాలకు కొత్త క్లాంపులు వేయించండి. 7 బార్ ఒత్తిడి దగ్గర మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే కంప్రెసర్ మీద మూడు నాలుగు కిలోవాట్ల భారం, పగలూ రాత్రీ. మిల్లు ఆగాక మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డులో నిలబడి చెవి పెట్టండి, బుస్సుమనే చప్పుడు మీకే వినపడుతుంది.

అపోహ: మా ఒక్క మిల్లుతోని గ్రిడ్‌కు ఏమైతది?

పీక్‌లో కరెంటు చాలనప్పుడు డిస్కం పవర్ ఎక్స్చేంజీలో, అంటే కరెంటు కొనే అమ్మే సంతలో, కొంటుంది. అక్కడ ధర యూనిట్‌కు 10 రూపాయల పరిమితిదాకా వెళ్తుంది. ఆ ఖర్చు ఎప్పటికైనా టారిఫ్ రూపంలో మన దగ్గరికే వస్తుంది. ఇంకా దగ్గరి సంగతి, మీ మిల్లుకూ పక్క ఊరి బోర్లకూ కరెంటు వచ్చేది చాలాసార్లు ఒకే సబ్‌స్టేషన్ నుంచి. మార్చి నెల ఉదయం అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పెరిగి ఓల్టేజి పడితే చివరి రైతు మోటారు ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుంది. మీ మిల్లుకు వడ్లు వచ్చేది ఆ పొలం నుంచే. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల ఉండటానికి కారణం బిల్లుల కన్నా ఇదే.

అపోహ: అన్నీ రాత్రికి మారిస్తే ఉత్త లాభమే.

గంటకు 100 యూనిట్ల పని నాలుగు గంటలు రాత్రికి మార్చారనుకుందాం. 400 యూనిట్లకు రెండున్నర చొప్పున వెయ్యి రూపాయలు మిగులుతాయి. దానికోసం ఒక ఆపరేటర్‌ను, ఇద్దరు హమాలీలను రాత్రంతా ఉంచితే ఆ వెయ్యి పోయి మీదికెళ్లి పడుతుంది. నిద్రమత్తులో బెల్టు దగ్గర చెయ్యి పెట్టే ప్రమాదం ఏ లెక్కలోనూ కనపడదు. అందుకే మనిషి చెయ్యి అక్కర్లేని వాటినే రాత్రికి మార్చమంటాను: బోరు పంపు, తొట్ల నీళ్లు, కోల్డ్ స్టోరేజీ చల్లార్పు, నిండి ఉన్న డ్రయ్యర్ ఫ్యాన్లు. మూటలు మోసేది, ఎత్తేది, కుట్టేది పగలే ఉండాలి. ఆ నర్సంపేట దారి మిల్లులో ప్యానెల్ మీద ఇప్పుడు రెండు స్విచ్‌ల పక్కన ఎర్ర రంగుతో "పొద్దున 10 దాకా వెయ్యొద్దు" అని రాసి ఉంటుంది. రాసింది ఓనరు కాదు, ఎన్నేండ్ల సందో ఏడింటికే పంపు వేస్తూ వచ్చిన అతనే.