ఆ విషాన్ని ముందు ఎవరు తిన్నారు?

చిన్నీ, బుజ్జీ,

పొలం మందు డబ్బా మీద ఎర్ర త్రికోణం చూసి "ఇది అంత విషమని ఎవరు తిని చెప్పారు తాతయ్యా?" అని అడిగారు కదా, అది ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం. తిన్నవి ఎలుకలు. ఎంత మోతాదు పెడితే వాటిలో సగం చచ్చిపోతాయో చూసే లెక్కను 1927లో ట్రెవన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పెట్టాడు. మన దేశంలో డబ్బాల మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ వేసేది ఇప్పటికీ ఆ లెక్కను బట్టే. ఎరుపు అన్నిటికంటే ఘోరమైనది, దాన్ని మీరు ముట్టుకోకూడదు.

మరి చచ్చినవాటిని లెక్కపెట్టడం తప్ప దారే లేదా అంటే, ఉంది. చాలా విషాలు నరాల మీదే దెబ్బ కొడతాయి. అందుకని ఇంకా పుట్టని చిట్టెలుక పిల్ల మెదడు నుంచో వెన్నుపాము నుంచో కాసిని కణాలు తీసి, గాజు పళ్ళెంలో పోషక ద్రవం పోసి, మన ఒంటి వేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర పెంచుతారు. గుండ్రంగా ఉన్న కణాలు మెల్లగా పోగులు చాచి పక్కవాటిని అందుకుంటాయి. కొన్నాళ్ళకి, ఎవరూ ఏమీ నేర్పకుండానే, వాటిలో చిన్న చిన్న కరెంటు చిటుకులు మొదలవుతాయి. పళ్ళెం అడుగున వెంట్రుక కంటే సన్నటి ఎలక్ట్రోడ్లు వాటిని పట్టుకుంటాయి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం డెంటన్‌లో గుంటర్ గ్రోస్ గారు 64 ఎలక్ట్రోడ్ల పళ్ళేలతో ఏళ్ళ తరబడి ఈ పని చేశారు.

అచ్చం వానకి చెరువు నిండిన రాత్రి కప్పల అరుపే అనుకోండి. ఒకటి మొదలెడుతుంది, ఇంకోటి అందుకుంటుంది, కాసేపటికి చెరువంతా ఒక్కసారిగా అరిచి, ఒక్కసారిగా ఆగి, మళ్ళీ అందుకుంటుంది. రెండు మూడు వారాలు ముదిరిన కణాలూ అలాగే గుంపుగా మోగి గుంపుగా ఆగుతాయి. మా పెదనాన్న చీకట్లో అరుగు మీద కూర్చునే, అరుపు ఆగిన తీరు విని, గట్టు మీద మనిషి నడుస్తున్నాడో, నీళ్ళలోకి పాము దిగిందో చెప్పేవాడు. విషాలదీ అదే వరస. ఒళ్ళు ఉబ్బించుకునే పఫర్ చేప విషం కొంచెం పడితే చెరువంతా నోరు మూసుకుంటుంది, కడిగేస్తే మళ్ళీ అరుస్తుంది. మన అడవుల్లో కాసే ముష్టి గింజలోని స్ట్రిక్నిన్ అలా కాదు. "ఇక ఆపండి" అని సర్దిచెప్పే కప్పల మాట ఎవరికీ వినపడనివ్వదు, దాంతో అన్నీ కలిసి గొంతు చించుకుంటాయి. ఒంట్లో అదే జరిగితే ఫిట్స్.

ఇలాంటిది నేను కళ్ళారా చూశాను. మా చిన్నప్పుడు వరికి ఎండ్రిన్ అనే పురుగుమందు కొట్టేవారు. మర్నాడు కాలువలో చేపలు పక్కకి ఒరిగిపోయి, గిలగిలా కొట్టుకుంటూ సుడులు తిరిగేవి. మేం సంబరంగా ఏరుకొస్తే మా అమ్మ బుట్ట లాక్కుని గొయ్యి తీసి పాతిపెట్టింది. ఎండ్రిన్ కూడా ఆ ఆపే మాటనే నొక్కేస్తుందని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. దాన్ని మన దేశంలో నిషేధించింది 1990లో. అన్నం పెట్టే నేలలో ఏం పోస్తున్నామో పోయకముందే తెలుసుకోవాలర్రా, పోశాక కాదు.

పళ్ళెం అన్నీ చెప్పేయదు. పారాథియాన్ లాంటి పురుగుమందు మన కాలేయంలో మార్పు చెందాకే అసలు విషమవుతుంది, పళ్ళెంలో కాలేయం లేదాయె. ఎలుకల అవసరమూ పూర్తిగా తీరలేదు. కానీ 2007లో మనిషి చర్మ కణాల్ని మూలకణాలుగా, అంటే ఒంట్లోని వేరే కణాలుగా మారగలిగే కణాలుగా, మార్చే పద్ధతి దొరికాక, వాటినుంచి నరాల కణాలు పెంచుతున్నారు. ముఖం ముడతలకి వేసే బొటాక్స్ నిజానికి నరాల విషమే, దాని ప్రతి బ్యాచ్‌నీ ఎలుకల మీద చూసేవారు. ఆ పరీక్షను పళ్ళెంలో పెంచిన కణాల మీద చేసుకోవచ్చని 2011లో అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది. ఎన్ని ఎలుకల ప్రాణాలు నిలబడ్డాయో చూడండి!

కన్నూ చెవీ లేని ఆ గుప్పెడు కణాలు అసలు దేని గురించి మాట్లాడుకుంటాయో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మీ ఊళ్ళో వానలు పడుతున్నాయి కదా, ఒక రాత్రి నాన్నతో చెరువు దాకా వెళ్ళండి. మీ అడుగుల చప్పుడుకి కప్పల అరుపు ఏ వైపు ముందు ఆగిందో, ఎంతసేపటికి మళ్ళీ అందుకున్నాయో నోటు పుస్తకంలో రాసి నాకు పంపండి. టార్చి లేకుండా మాత్రం గట్టెక్కకండి.

మీ తాతయ్య