లాబ్‌స్టర్ రోల్‌లో కరివేపాకు

లాబ్‌స్టర్ అంటే రొయ్యకు చుట్టమైన పెద్ద సముద్రజీవి, దాని మాంసాన్ని బన్నులో పెట్టి ఇస్తే లాబ్‌స్టర్ రోల్. మొదటిసారి ఇంట్లో అది చేసినప్పుడు అలవాటు కొద్దీ అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా వేసి వేయించాను. తిన్నవాళ్లు బాగుందనే అన్నారు. అయితే బన్నులో ఉన్నది లాబ్‌స్టరో, బంగాళాదుంపో ఎవరికీ తెలియలేదు. అంత డబ్బు పోసి కొన్నది మసాలా పాలైంది.

లాబ్‌స్టర్ ఉండేది ఉప్పునీటిలో. చుట్టూ అంత ఉప్పు ఉంటే కణాల్లోని నీరు బయటికి వచ్చేసి, ఉప్పు చల్లిన కాకరకాయ ముక్కల్లా వడలిపోవాలి. అలా జరగకుండా ఈ జీవి తన కణాల్లో అమైనో ఆమ్లాలను దండిగా నింపుకుంటుంది. అందులో గ్లైసిన్ ముఖ్యమైనది. అది నాలుకకు తియ్యగా తగులుతుంది. సముద్రంలో బతకడానికి లాబ్‌స్టర్ చేసుకున్న ఏర్పాటే మనకు రుచి. రొయ్య తియ్యగా ఉండేదీ ఇందుకే. నేను వేసిన కారంలో మునిగిపోయింది ఆ తీపే.

అమెరికాలో ఈ రోల్ ప్రధానంగా రెండు రకాలు. మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో చల్లని మాంసానికి కాస్త మయొనీజ్ పట్టించి ఇస్తారు. కనెక్టికట్ రాష్ట్రంలో వేడి మాంసం మీద కరిగిన వెన్న పోస్తారు. ఈ రెండోది 1920ల్లో అక్కడి మిల్‌ఫర్డ్ ఊళ్లో, పెర్రీస్ అనే హోటల్లో మొదలైందని చెబుతారు. బన్ను మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే. పైనుంచి చీల్చి ఉంటుంది, పక్కలకు గట్టి పొర ఉండదు. అందుకే ఆ పక్కలకు వెన్న రాసి పెనం మీద కాలిస్తే దోశ అంచులా ఎర్రగా వేగుతాయి.

నా ఓటు కనెక్టికట్‌కే. చల్లని తిండిలోంచి వాసన పెద్దగా పైకి లేవదు, వేడి మీద ముక్కుకూ పని దొరుకుతుంది. పైగా వెన్న మనకు తెలిసిన వ్యవహారం. కాబట్టి ఈసారి మాంసాన్ని ముట్టుకోకుండా వెన్ననే మార్చాలనుకున్నాను.

వెన్నలో 80 శాతం దాకా కొవ్వు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు, కొంచెం పాల ప్రొటీన్, చక్కెర. పొయ్యి మీద పెట్టగానే మొదలయ్యే చిటపటలు ఆ నీటివి. నీరు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. చప్పుడు సద్దుమణిగిందంటే వేడి పైకి ఎక్కుతోందని అర్థం. అప్పుడు ప్రొటీన్, చక్కెర కలిసి గోధుమ రంగుకు తిరుగుతాయి, నెయ్యి కాచేటప్పుడు గిన్నె అడుగున చేరే గసిలాగే. ఇల్లంతా కమ్మటి వాసన. సరిగ్గా ఆ క్షణంలో రెండు రెబ్బల కరివేపాకు వేసి పొయ్యి కట్టేశాను. కరివేపాకు వాసనకు కారణమైన నూనెలు నీటిలో కంటే కొవ్వులో బాగా కరుగుతాయి. నెయ్యి కాచేటప్పుడు మన ఇళ్లలో ఆకు వేసేది ఊరికే కాదు.

అవతల గిన్నెలో ముదురు ఆకుపచ్చగా, గోధుమగా ఉన్న లాబ్‌స్టర్ ఎర్రబడింది. ఆ ఎరుపు ముందే ఉంది. ఆస్టాజాంథిన్ అనే రంగును క్రస్టాసయానిన్ అనే ప్రొటీన్ పట్టుకుని ఉన్నంతకాలం ఆ ఎరుపు బయటికి కనిపించదు. వేడికి ఆ ప్రొటీన్ పట్టు సడలితే అసలు రంగు బయటపడుతుంది. రొయ్యలు ఎర్రబడేదీ ఇలాగే. నేను కాస్త ముందే దించేశాను. ఎక్కువ ఉడికితే కండ ప్రొటీన్లు బిగుసుకుని, నీరు వదిలేసి, రబ్బరులా సాగుతుంది.

చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం. సముద్రపు చేపల నీచు వాసన చాలావరకు ట్రైమిథైలమైన్ అనే పదార్థానిది. పులుపు తగలగానే అది గాలిలోకి లేవలేని రూపంలోకి మారుతుంది. చేపల పులుసులో చింతపండు చేసే పనుల్లో ఇదీ ఒకటి.

ఈసారి తీపి తెలిసింది. కనెక్టికట్‌లో పుట్టి పెరిగిన మా పక్కింటాయన రెండు రోల్స్ తిని, ఈ వాసన దేనిదని అడిగాడు. జవాబు ఆయన పళ్లెంలోనే ఉంది. కరివేపాకులన్నీ ఏరి, ఎవరూ నేర్పకుండానే, అచ్చం మనలాగే ఓ పక్కన పెట్టేశాడు.