సికిల్ సెల్ జబ్బు మొదట ఎట్లా కనబడ్డది

మా సిరొంచలో, అసలు గడ్చిరోలి జిల్లా అంతటా సికిల్ సెల్ అంటే, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే ఈ రక్తపు జబ్బు, కొత్త మాట కాదు. పిల్లల వేలికి సూది గుచ్చి తీసిన రక్తం చుక్కని గాజు గొట్టంలో మందునీళ్లలో కలుపుతరు, నీళ్లు తేటగుంటే గొట్టం వెనక పెట్టిన కాగితం మీది నల్ల గీతలు కనబడతయి, మబ్బుగా మారి గీతలు కనబడకపోతే సికిల్ ఉందని అనుమానం, అప్పుడు ఎలక్ట్రోఫోరెసిస్ (కరెంటుతోటి రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలని విడదీసి చూసేది) లాంటి పెద్ద టెస్ట్ చేయాలె.

ఈ జబ్బు డాక్టర్ల లెక్కలోకి ఎక్కింది మాత్రం చికాగోలో. 1904 చివర్లో వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే పిల్లగాడు ప్రెస్బిటేరియన్ ఆస్పత్రికి వచ్చిండు, 20 ఏండ్లు, గ్రెనడా దీవి నుంచి పళ్ల డాక్టర్ చదువుకి వచ్చినోడు. దగ్గు, జ్వరం, ఒంట్లో రక్తం బాగా తక్కువ, కాళ్ల మీద మానిన పుండ్ల మచ్చలు. ఎర్నెస్ట్ ఐరన్స్ అనే జూనియర్ డాక్టర్ ఆ రక్తాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణాల మధ్యల సన్నగా, పొడుగ్గా, కొడవలి లెక్క వంగినవి కనబడ్డయి, చూసి ఊరుకోకుండ బొమ్మ గీసి పెట్టిండు. ఐరన్స్ పేరు ఎవరూ చెప్పరు గానీ ఆ బొమ్మ లేకపోతే ఈ కథే లేదని నేనంటా.

ఐరన్స్ పైన ఉన్న పెద్ద డాక్టర్ జేమ్స్ హెరిక్. గుండెపోటు వచ్చినా మనిషి బతకొచ్చని 1912లో వివరంగా రాసింది కూడా ఈయనే. నోయెల్ కేసుని కొన్నేండ్లు గమనించి 1910లో అచ్చేసిండు, అయితే ఇది ఫలానా జబ్బు అని తేల్చి పేరు పెట్టలే, ఇంకిన్ని కేసులు దొరికేదాక నిర్ణయం ఆగాలన్నడు, కణం లోపలి పదార్థంలోనే మనకు తెలియని మార్పు ఏదో ఉండొచ్చు అని మాత్రం రాసిండు. నాకు హెరిక్ మీద గౌరవం ఇక్కడే, తెలిసినకాడికే చెప్పిండు, ఊహని ఊహగానే ఉంచిండు. సికిల్ సెల్ ఎనీమియా అనే పేరు 1922లో వెర్న్ మేసన్ అనే డాక్టర్ పెట్టిండు.

హెరిక్ ఊహ 1949లో నిజమైంది. లైనస్ పాలింగ్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం తేడా హిమోగ్లోబిన్‌లోనే, అంటే ఎర్ర కణంలో ఆక్సిజన్ మోసే ప్రొటీన్‌లోనే ఉందని చూపించింది, తర్వాత ఇంగ్రామ్ అనే ఆయన ఆ ప్రొటీన్‌లోని 146 అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌ని కట్టే చిన్న ముక్కల) గొలుసులో ఆరోది ఒక్కటే మారిందని పట్టుకున్నడు. ఆ ఒక్క మార్పుతోటి ఆక్సిజన్ వదలంగనే హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా అయి కణాన్ని వంచేస్తది, వంగిన కణాలు సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటయి, అందుకే ఈ జబ్బులో ఎముకల నొప్పులు. మంచి కణం 120 రోజులు బతికితే ఇది 10, 20 రోజుల్లోనే పోతది, రక్తం తక్కువయ్యేది అందుకే.

మరి ఈ మార్పుని పిల్లలకు మోసుకొచ్చే ఇంత చెడ్డ జన్యువు అడవి ప్రాంతాల్లో ఎందుకు నిలబడ్డది? 1954లో ఆంథనీ అల్లిసన్ చెప్పిండు, జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తది, అందులో చెడ్డది ఒక్క కాపీ ఉన్నోళ్లని అది ముదిరిన మలేరియా నుంచి కొంత కాపాడతదని. మలేరియా అంటే ఏందో మా జిల్లాకి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఒక్క కాపీ ఉన్నోళ్లు క్యారియర్లే, అంటే జన్యువుని మోసేటోళ్లే గానీ రోగులు కారు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే మాత్రం ప్రతి కాన్పుకీ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. నీళ్లు బాగా తాగుడు, చలి, జ్వరం నుంచి జాగ్రత్త, డాక్టర్ రాస్తే హైడ్రాక్సీయూరియా అనే మందు మానకుండ వాడుడు, వీటితోటి నొప్పులు చానా తగ్గుతయి. సంబంధం ఖాయం కాకముందే టెస్ట్ కాగితాలు చూసుకోవాలె, పిల్లది ఒక్కదానిదే కాదు, పిల్లగానిది కూడా.